రెండింటికి నీళ్ళు అడిగాడు

మా ఊళ్ళో కాగితం మిల్లు మూతపడ్డాక దొరికే ఉద్యోగం ఒక్కటే. ఊరి చివర పైన్ చెట్ల మధ్య, వలస వచ్చినవాళ్ళని నిర్బంధించే కేంద్రం. అందరిలాగే నేనూ కాపలా పనిలో చేరాను. నాకు పడింది ఒంటరి గదుల వరస. అక్కడ కిటికీలుండవు, దీపాలు ఆర్పరు. పైకి బ్లీచింగ్ పౌడర్ వాసన, దాని కింద ఉచ్చ వాసన. ఇంటికెళ్ళి రెండుసార్లు తలంటుకున్నా నా జుట్టులోంచి పోయేది కాదు.

పని మాత్రం తేలికే. పావుగంటకోసారి తలుపు అద్దంలోంచి చూసి, లోపలి మనిషి ఏం చేస్తున్నాడో కాగితం మీద ఒక ముక్క రాయాలి. ఎవరూ చూసేవాళ్ళు కాదు. డ్యూటీ ఎక్కగానే సాయంత్రం దాకా గడులన్నీ నింపేసి, కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళం. ఒకటే మాట రాస్తే తనిఖీలో దొరికిపోతామని రకరకాలుగా రాయడం, అదొక గొప్ప మాకు. 'పడుకున్నాడు.' 'కూర్చున్నాడు.' 'నీళ్ళు అడిగాడు.' తల్చుకుంటే నా మొహం మీద నాకే ఉమ్మాలనిపిస్తుంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం నాలుగో గదిలో ఉన్నది ఎలీసియో. హోండురాస్ దేశం నుంచి వచ్చినవాడు. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే ఇళ్ళకి కప్పులు వేసుకుని బతికాడు. కోర్టు వాయిదాకి రమ్మంటే బుద్ధిగా వచ్చాడు, కోర్టు మెట్ల మీదే పట్టుకున్నారు. లాయరుని కలవనివ్వలేదు. షుగర్ మందు అడిగితే గొడవ చేస్తున్నాడని ఒంటరి గదిలో పడేశారు. ఆ రోజు పొద్దున్నే జడ్జి అతన్ని వదిలెయ్యమన్నాడు. పదింటి నుంచీ భార్య మారిబెల్ గేటు దగ్గర ఎండలో నిలబడి ఉంది. సాయంత్రం చూద్దాంలే అన్నారు మావాళ్ళు.

ఒకటిన్నరకి భోజనం పళ్ళెం పట్టుకెళ్ళాను. ఎలీసియో గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిన్నటి పళ్ళెం అలాగే ఉంది, చిక్కుళ్ళ మీద ఈగలు ముసిరాయి. భుజం తట్టాను. కొయ్యబారిపోయి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పోయి చాలాసేపైంది.

సార్జెంట్ టిబొడోని పిలిచాను. అతను శవాన్ని అలా చూసి వదిలేశాడు. నా కాగితాన్ని మాత్రం పైనుంచి కిందదాకా చదివాడు.

"రెండింటికి నీళ్ళు అడిగాడని రాశావేంటి ఎర్లీన్? ఇంకా రెండవలేదుగా."

"అందరం అలాగే కదా రాసేది..."

"అందరి గదుల్లోనూ మనిషి చావలేదు కదా. ఇది బయటపడితే జైలుకెళ్ళేది నువ్వే తల్లీ. తలుపేసి కూర్చో. పైవాళ్ళతో మాట్లాడొస్తా."

తలుపేసి కూర్చున్నాను. గోడ గడియారం రెండు చూపించింది.

లోపల మంచం కిర్రుమంది.

చెప్పులు నేలకి రాసుకుంటున్న చప్పుడు... మెల్లగా... తలుపు దాకా వచ్చి ఆగింది.

"మిస్... కొంచెం నీళ్ళు."

ఏం చేస్తున్నానో తెలియకుండానే తలుపుకి పళ్ళెం అందించే సందులోంచి గ్లాసు అందించాను. అందుకున్న వేళ్ళ గోళ్ళు నీలంగా ఉన్నాయి. అద్దంలోంచి చూశాను. తాగుతున్నాడు. నీళ్ళు గొంతు దిగడం లేదు... పెదాల చివర్నుంచి అలాగే కారిపోతున్నాయి.

కాగితం తీశాను. రెండుంపావుకి 'కూర్చున్నాడు' అని ఉంది. రెండుంపావుకి కూర్చున్నాడు. రెండున్నరకి 'నవ్వుతూ మాట్లాడాడు' అని ఉంది. రకం మార్చడానికి సరదాగా రాసిన ముక్క. రెండున్నర కాకూడదని దేవుణ్ణి వేడుకున్నాను. అయింది. అతను అద్దానికి మొహం ఆనించాడు.

"మారిబెల్ వచ్చిందా, మిస్?"

నవ్వాడు. అద్దం మీద ఆవిరి పట్టలేదు.

ఆ ముక్కలన్నీ కొట్టేసి 'చనిపోయాడు' అని నిజం రాస్తే అతను మళ్ళీ పడుకునేవాడని నాకు అర్థమైంది. మారిబెల్‌కి శవమైనా దక్కేది, కడుపారా ఏడ్చుకునేది. కలం నా చేతిలోనే ఉంది. నాకు జైలు కనిపించింది. రాయలేదు.

మూడింటికి టిబొడో విడుదల కాగితం తెచ్చాడు. ఆరోగ్యంగా ఉన్నాడనీ, నాలుగింటికి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళాడనీ, భార్యకి అప్పగించామనీ ముందే నింపేసి ఉంది. చచ్చినవాడు విడుదలయ్యాక చచ్చినట్టు ఉంటే మా మీదకి రాదు. పైవాళ్ళ తెలివి అది. అద్దంలోంచి చూసిన టిబొడో మొహం రంగు మారింది. అది కూడా ఒక్క క్షణమే.

"బతికే ఉన్నాడుగా," అన్నాడు.

"ఊపిరి ఉందేమో చూడు."

"ఊపిరి సంగతి ఎవడూ అడగలేదు. సంతకం పెట్టు."

పెట్టాను.

నాలుగింటికి ఎలీసియో తన కాళ్ళ మీద నడిచి వెళ్ళాడు. గేటు దాకా నేనే తీసుకెళ్ళాను. మారిబెల్ పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది. మొహమంతా ముద్దులు పెట్టింది. అతని చేతుల్ని తన అరచేతుల్లో పెట్టుకుని రుద్దుతూ నావైపు తిరిగింది.

"లోపల ఏసీ అంత చలిగా పెడతారా, మిస్?"

అవునన్నాను. దేవుడు మీకు మేలు చేస్తాడంది.

ఆగస్టులో నన్ను నగరంలోని హాజరు ఆఫీసుకి వేశారు. బయటికి వదిలినవాళ్ళు నెలకోసారి అక్కడ వరసలో నిలబడి కనిపించి పోవాలి. ఎండకి రోడ్డు మీద తారు కరుగుతోంది. వరసలో మారిబెల్ ఉంది, సగానికి సగం చిక్కిపోయింది. పక్కనే ఎలీసియో రెప్ప వెయ్యకుండా నిలబడ్డాడు. అతని చెయ్యి పట్టుకున్న ఆమె చేతులకి మందపాటి ఉన్ని తొడుగులు. నన్ను గుర్తుపట్టి దగ్గరకి రమ్మంది. గొంతు బాగా తగ్గించింది.

"ఇతని చేతుల్లో చలి ఇంకా పోలేదు. ఇలా ఎంతమందిని పంపారు, మిస్?"

అప్పుడు వరస కేసి చూశాను. ఆమె వెనకున్నావిడకీ ఉన్ని తొడుగులే. ఆ వెనకున్న ముసలాయనకీ అవే. వీధి మలుపు దాకా చూస్తూ వెళ్ళాను... మలుపు దగ్గర నాలుగేళ్ళ పిల్ల ఒకతి తల్లి పక్కన నిలబడి ఉంది. తల్లి చెయ్యి పట్టుకోవడానికి ఒకదాని మీద ఒకటి రెండు జతలు వేసుకుంది.