గంగులయ్య పెట్టిన పేరు

ఉదయం తొమ్మిదింటికి కుప్పం బస్టాండులో గంగులయ్యను కాల్చి చంపారు. పది యాభైకి ఏజెంట్ మునిచంద్ర మదనపల్లె టమాటా యార్డు పక్కనున్న కోల్డ్ స్టోరేజీలో, మండీ గుమాస్తా వేషంలో, క్రేట్ల మధ్య కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు.

గంగులయ్య ఆ కోల్డ్ స్టోరేజీ టెక్నీషియన్. కూలింగ్ కంట్రోలర్ల కోసం తాను రాసిన ఫైల్‌ను విదేశీ ముఠా సర్వర్‌లో మార్చేసిందని మునిచంద్రకు కబురు పంపిన పాపానికి పోయాడు. ఇప్పుడు పవర్ కట్, సర్వర్ ఒక్కటే బ్యాటరీ మీద నడుస్తోంది; పదకొండుకు కరెంటు వస్తుంది. రాగానే కంట్రోలర్లు ఆ మార్చిన ఫైల్‌ను లాక్కుని, విషవాయువైన అమ్మోనియా వాల్వులు తెరుస్తాయి. బయట యార్డులో వేలం జోరుగా సాగుతోంది. రెండు వేల మంది ఉంటారు.

గంగులయ్య ఇచ్చిన మంచి ఫైల్ మునిచంద్ర పెన్‌డ్రైవ్‌లో ఉంది. చెవిలో నవనీత గొంతు పలికింది. కుప్పంలో ఉన్న తోటి ఏజెంటు. అందగత్తె, మాట తేనె.

"ఫైల్ పంపడానికి ఎఫ్‌టీపీలో వెళ్లు మునీ. పాస్‌వర్డ్ పంపాను. ఫైళ్ల లిస్టంతా కనబడుతుంది. సేఫ్."

అతని వేలు ఆగింది. ఆ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదన్నాడు గంగులయ్య, నిన్ననే. మరి ఈమెకెలా చేరింది? పైగా ఎఫ్‌టీపీలో అడుగు పెడితే లాగ్‌లో, అంటే సర్వర్ రాకపోకల చిట్టాలో, పడుతుంది. కాచుకున్న ముఠావాళ్లు క్షణంలో సర్వర్‌ను లాక్ చేస్తారు.

"సరే, లాగిన్ అవుతున్నా," అని ఇయర్‌ఫోన్ పీకేశాడు.

మిగిలింది టీఎఫ్‌టీపీ. ఫైళ్లు పంపే పొట్టి దారి. పాస్‌వర్డ్ అడగదు, ఇక్కడ లాగ్ కూడా రాయదు. లిస్టు మాత్రం చూపదు. ఉన్న ఫైల్ పేరు అక్షరం పొల్లుపోకుండా చెబితేనే దాని మీద రాయనిస్తుంది.

"ఫైల్‌కు మా ఆవు పేరే పెట్టినా సార్, మరిసిపోకుండా ఉంటాదని," అని నిన్న నవ్వాడు గంగులయ్య. ఆ పేరేమిటో అడగాలని అప్పుడు తోచలేదు.

పుంగనూరుకు ఫోన్ చేశాడు. గంగులయ్య భార్య ప్రమీలమ్మ ఎత్తింది.

"అమ్మా, ఆఫీసు నుంచి. మీ ఆవు పేరేంది?"

"యాలప్పా? అమ్మేది లేదు."

"అమ్మొద్దమ్మా. పేరు చెప్పు చాలు."

"చిట్టెమ్మ. మా ఆయప్పే పెట్నాడు. యాడుండాడప్పా ఆయప్ప? పొద్దన్నించి ఫోన్ ఎత్తలే."

"చెప్తానమ్మా. లైన్లో ఉండు."

చిట్టెమ్మ. ఎంటర్. ఒక ముక్క పంపడం, అందిందన్న జవాబు కోసం ఆగడం, మళ్లీ ఒక ముక్క. తొంభై శాతం. కరెంటు రావడానికి ఇరవై సెకన్లు. తొంభై ఏడు. నాలుగు సెకన్లు. వంద.

లైట్లు వెలిగాయి. వాల్వులు కదల్లేదు. బయట వేలంపాట ఆగలేదు. 'నవనీతను పట్టుకోండి' అని హెడ్డాఫీసుకు మెసేజ్ కొట్టాడు.

ఫోన్ ఇంకా లైన్లోనే ఉంది.

"ఉండావా అప్పా? సంగటి చేస్తాండాను. ఆయప్ప మద్దేనానికి వస్తాడా?"

ఏ ఫైల్‌నైనా ఏ దారినైనా పంపగల ఏజెంటుకు ఆ ఒక్క మాట పంపే దారి తెలియలేదు.