మూడుసార్లు లాగితే

మామగారు కరెంటు పనిలో ఘనులు. నోట్లో ఒక్క పన్ను లేకపోయినా మాట మాత్రం కొడవలే. ఆయన పద్ధతి ఒకటుండేది. ఒకరు గదిలో వైరు బిగిస్తుంటే, ఇంకొకరు ఇంట్లో మెయిన్ దగ్గర అదే వైరు పట్టుకొని నిలబడాలి. బిగించడం అయ్యాక లోపలివాడు మూడుసార్లు లాగుతాడు. అప్పుడే మెయిన్ వెయ్యాలి. "అరుపుల్ని నమ్మకండ్రా, చెవులు మోసం చేస్తాయి. చెయ్యి చెయ్యదు" అనేవారు.

చెయ్యీ చేసింది. పోయిన ఏడాది పెరట్లో షెడ్డుకి కరెంటు పెడుతూ ఆయన లోపలున్నారు, అల్లుడు మెయిన్ దగ్గరున్నాడు. మూడుసార్లు వైరు లాగినట్టయింది. అల్లుడు మెయిన్ వేశాడు. అప్పటికి తొడుగు తీసిన కొసలు మామగారి చేతిలోనే ఉన్నాయి.

"లాగారు" అంటాడు అల్లుడు. "లాగలేదు, నీకే తొందర" అంటాడు బామ్మర్ది. ఏడాదిగా ఇదే పంచాయితీ. భార్య మాత్రం ఏమీ అడగదు. నిలదీసినా బాగుండేది. కంచం పెట్టి, మొహం చూడకుండా వెళ్ళిపోయే మనిషికి ఏమని చెప్పుకుంటాడు?

ఇప్పుడు ఆవిడకి కుట్టుమిషన్లు పెట్టుకోవడానికి ఆ షెడ్డే కావాలి. అల్లుడు వారం రోజులు ఒళ్ళంతా దురదలెత్తేలా గోడల్లో గాజుదూది కూరాడు, రేకు కాగితం అంటించాడు, మీద చెక్కలు బిగించాడు. తలుపేస్తే ఎండ రాదు, చప్పుడు రాదు, ఫోనుకి సిగ్నల్ కూడా రాదు. ఇక మిగిలింది కరెంటు. బామ్మర్ది పొద్దున కొన్న వైరు చుట్ట భుజాన వేసుకొని, మొహం గంటు పెట్టుకొని వచ్చాడు. మట్టి కింద గొట్టంలోంచి, గోడ లోపలి నుంచి షెడ్డు దాకా వైరు తోశాడు.

"ఈసారి లోపల నువ్వుండు బావా. మెయిన్ దగ్గర నేనుంటా."

"ఏం, నన్నూ సాగనంపుదామనా?"

"భయమైతే చెప్పు. అక్కని ఉండమంటా."

"నోరు మూసుకొని పోరా."

కోపంలో తలుపు దడాల్న వేసుకున్నాడు అల్లుడు. టార్చి మేకుకి తగిలించాడు. కొత్త చెక్క వాసన. దాని అడుగున, ఎన్ని రంగులు పూసినా పోని కాలిన వాసన. తన ఊపిరి తనకే పెద్దగా వినిపిస్తోంది. కొసల తొడుగు తీశాడు.

వైరు కదిలింది.

ఒకసారి.

బామ్మర్ది ఆటపట్టిస్తున్నాడనుకున్నాడు. ఒళ్ళు మండింది. "ఏరా, తమాషాగా ఉందా?" గోడలు ఆ మాటని మింగేశాయి.

రెండోసారి... ఇంకా గట్టిగా. లాగుతున్నది ఇంటి వైపు నుంచి కాదు. తన ముందున్న గోడలోంచి. చెక్క వెనక గాజుదూది నలిగింది, ఎవరో ఒత్తిగిలినట్టు.

"వెయ్యొద్దురా..." గొంతు చించుకొని అరిచాడు. బయటికి పోయే దారేదీ? తనే మూశాడు కదా, వారం రోజులు కూర్చొని.

మూడోసారి...

వైరు వదిలేశాడు. కొసలు నేల మీద ఒకదానికొకటి తగిలి నీలంగా మెరిశాయి. ఇంట్లో ఫ్యూజు ఎగిరింది.

బామ్మర్ది పరుగెత్తుకొచ్చి తలుపు తీశాడు. "ఏమైంది? మూడుసార్లు లాగావుగా... అందుకేగా వేశాను."

"నేను లాగలేదు."

బామ్మర్ది తన అరచేతిని చూసుకున్నాడు. అల్లుడు అతని చొక్కా పట్టుకున్నాడు. "ఇప్పుడు చెప్పరా. తొందర ఎవరికి? పద, ఈ ముక్క మీ అక్క ముందు చెప్పు."

"చెబుతా బావా. ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నా, భయం లేదు. ముందు ఆ వైరు బయటికి తియ్యి."

అల్లుడు లాగాడు. మూర, రెండు మూరలు.

"నాన్నే..." బామ్మర్ది గుసగుసలాడాడు. కళ్ళలో నీళ్ళు. "ఇంకా పనిలోనే ఉన్నాడు బావా."

అల్లుడు ఇంకా లాగాడు. మూడో మూర చేతికి తడిగా తగిలింది. టార్చి దగ్గరికి పట్టాడు. కొత్త వైరు మీద గాట్లు, పైన నాలుగు, కింద నాలుగు, అర్ధచంద్రంలా. ఎలుకవి కావు. మనిషి నోరంత. ఉమ్మి ఇంకా ఆరలేదు.

"మీ నాన్నకి పళ్ళెక్కడివిరా?"

చప్పుడు దాటని ఆ గోడలోంచి, ఎవరో మెల్లగా పళ్ళు నూరడం వినిపించింది.