మందలో నకలు సిమ్

నార్కట్‌పల్లి దాబాలో చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే ఏజెంట్ మల్లికార్జున్‌ను కాల్చి చంపారు. మర్నాడు పొద్దున అదే కుర్చీలో కూర్చున్నాడు ఏజెంట్ శివకృష్ణ. తలకు తువ్వాల, నోట్లో బీడీ, గొర్రెల బేరగాడి వేషం. మల్లికార్జున్ మొదలుపెట్టిన పని ఇప్పుడతనిది. చెవిలో దాచిన ఇయర్‌పీస్‌లో చీఫ్ సుమన గొంతు పలికింది.

"ఐలేశం తెలుసు కదా? బ్లాక్ కోరల్ అనే విదేశీ ముఠా గుట్టంతా తెలిసిన ఇంజినీర్. నిన్న ఆయనకు గూడ తూటా దిగింది. పక్క రాష్ట్రం నుంచి అంబులెన్స్‌ల తెస్తున్నం. ఏ దవాఖానకో డ్రైవర్‌కు గూడ తెల్వది. నీ ముందున్న టవర్ కింది చిన్న కంప్యూటర్, ఎడ్జ్ సర్వర్, పన్నెండింటికి దవాఖాన పేరు బండిల ఉన్న డివైస్‌కు చెప్తది."

"ఆ డివైస్ మనదేనని దానికెట్ల తెలుస్తది మేడమ్?"

"బండి రోమింగ్‌ల ఉంటది. సర్వర్ బండి సిమ్ సొంత నెట్‌వర్క్‌ను అడుగుతది. ఔనంటేనే లోపలికి రానిస్తది. ముఠా కాడ ఆ సిమ్‌కు నకలుంది. నకలు ముందుగాల దూరితే దవాఖాన పేరు వాళ్ళకు పోతది. అసలు బండిని సర్వర్ దొంగదని గెంటేస్తది. ఐలేశం బతకడు."

"సర్వర్ బంద్ చేస్తే?"

"బండికి గూడ తొవ్వ తెల్వది. ఒక్క జాగల ఉన్న డివైస్‌ను సర్వర్ అనుమానిస్తది. అందుకే నకలు ఈ టవర్ చుట్టుపక్కల కదిలేదాని మీద పెట్టి ఉంటరు. వెతుకు. మన ఏజెంట్ స్వర్ణ తోడొస్తది."

స్వర్ణ వచ్చింది. నారాయణపేట చీర, నల్ల కళ్ళద్దాలు. దాబా అంతా తల తిప్పి చూసింది.

"చాయ్‌ల అల్లం ఉందా?" అంది.

"మిరియాలే ఉన్నయి," అన్నాడతను. కోడ్ కలిసింది.

గడియారంలో దాచిన సిగ్నల్ ఫైండర్ ఆ హైవే మీద ప్రతి లారీకీ, ప్రతి ఆటోకీ మోగి విసిగించింది. టవర్ పక్కన ఒక గొర్రెల మంద మేస్తోంది. శివకృష్ణ మక్తల్ వైపు గొర్రెలు కాసే కురుమల ఇంట్లో పుట్టినవాడు. కాపరిని ఊరికే అడిగాడు.

"మందల ఎన్ని జీవాలున్నయే?"

"రెండు వందల పదహారు," కాపరి టక్కున చెప్పాడు.

శివకృష్ణ బీడీ పారేశాడు. దిష్టి తగులుతుందని ఏ కాపరీ మంద లెక్క పైకి చెప్పడు. ఏదో ఉన్నయిలే అని దాటేస్తాడు. వీడు కాపరి కాదు. దవడ మీద ఒక్కటిచ్చి కింద పడేశాడు.

"సిమ్ ఏ గొర్రె మీదుంది రా?"

"ఎతుక్కో," వాడు రక్తం ఉమ్మి నవ్వాడు. రెండో దెబ్బకు స్పృహ తప్పాడు.

శివకృష్ణ మెడకు చల్లగా పిస్టల్ ఆనింది. పట్టుకున్నది స్వర్ణ.

"మల్లికార్జున్ గూడ నన్ను గిట్లనే నమ్మిండు. చేతులు లేపు. పన్నెండుకు ఇంక రెండు నిమిషాలే."

ఆమె ముఖాన ఉమ్మేయాలనిపించింది. కానీ కోపానికి టైమ్ లేదు. మందను వెతకడానికి అసలే లేదు. రోడ్డుకు అవతల లోతైన ఎండు వాగు, ఒర్రె, ఉంది. పొద్దున అందులోకి దిగినప్పుడు అతని ఫోన్‌లో సిగ్నల్ పూర్తిగా పోయింది. మంద దిగితే నకలుకూ అంతే. మందకు ముందు నడిచే గంట పొట్టేలు అతని కాళ్ళ దగ్గరే ఉంది.

చటుక్కున వంగి పొట్టేలు కొమ్ములు పట్టి రోడ్డు మీదికి లాగాడు. తూటా భుజాన్ని చీల్చింది. పొట్టేలు బెదిరి పరుగు తీసింది. దాని వెనకే మందంతా దూకింది. ఆ తోపులాటలో స్వర్ణ వెల్లకిలా పడింది. పిస్టల్ ఎటో ఎగిరింది. పొట్టేలు ఒర్రెలోకి ఉరికింది. మిగతావన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ దిగిపోయాయి.

పన్నెండైంది.

"అసలు బండి లోపలికొచ్చింది," ఇయర్‌పీస్‌లో సుమన చెప్పింది. "దవాఖాన పేరు అందింది. నకలు జాడ లేదు."

శివకృష్ణ స్వర్ణ చేతులకు బేడీలు వేశాడు. అంతలో కీచుమని అంబులెన్స్ ఆగింది. వెనకబడిన గొర్రెలు నాలుగు రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాయి. డ్రైవర్ తల బయట పెట్టి మండిపడ్డాడు.

"ఏం కాపరివి రా నువ్వు? లోపల మనిషి పానం పోతాంది, జీవాలను రోడ్డు మీద ఇడుస్తవా? సిగ్గుండాలె."

శివకృష్ణ రక్తం కనబడకుండా తువ్వాల భుజం మీద కప్పుకున్నాడు.

"తప్పైంది అన్నా. జల్ది పో."

అంబులెన్స్ వెళ్ళిపోయింది. డ్రైవర్ కూడా డిపార్ట్‌మెంట్ మనిషే. ఆ రోజు డిపార్ట్‌మెంట్ నుంచి శివకృష్ణకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే.