చాటింపు వేసిన వారం

సెట్‌టాప్ బాక్సుకు పాత తువ్వాలు చుట్టిందెవరన్న దాని మీద ఆ పొద్దున అత్తాకోడళ్ళకు మాటామాటా పెరిగింది. టీవీలో స్వామివారి సేవ చూడనిదే మునిలక్ష్మికి కాఫీ గొంతు దిగదు. రిమోటు ఎంత నొక్కినా టీవీ పలకకపోయేసరికి ఆమె విసుగు కోడలి మీదికి మళ్ళింది. దుమ్ము పడుతుందని చుడితే చుట్టావు, మూడు ముళ్ళెందుకు వేశావని అడిగింది. తాను ముట్టనే లేదని, ఆ తువ్వాలు కనబడక నాలుగు రోజులుగా వెతుకుతున్నానని రేవతి అంది. తగవు ఇంట్లో వస్తువులు ఎక్కడివక్కడ ఉండవన్న పాత సంగతి దాకా పోయింది. రేవతి మొగుడు ధనంజయ టైర్ల షాపుకు బయల్దేరుతూ, "ఆ తువ్వాలు నేనే చుట్టినాననుకోండి, ఇద్దరూ ఊరుకుంటారా?" అని చెప్పులేసుకున్నాడు.

రేవతి ముళ్ళు విప్పింది. లోపల ప్లాస్టిక్ కవరు. దాని కింద, చిన్న లైటు వెలిగే చోట, నల్ల టేపు పొరలు పొరలుగా అంటించి ఉంది.

"విప్పొద్దు వదినా. అది వింటాది."

గది గుమ్మంలో గిరిప్రసాద్ నిలబడి ఉన్నాడు.

"ఏమి వింటాదిరా, మీ అమ్మ సణుగుడా?" అని మునిలక్ష్మి నవ్వింది. అతను నవ్వలేదు. లోపలికి వెళ్ళి తలుపేసుకున్న కాసేపటికి, ఎవరో ఏదో చెప్పినట్టు, ఒక్కడే నవ్వడం వినిపించింది.

రేవతి ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మరిది ఏడో తరగతి. లెక్కలు చెప్పించుకోవడానికి పుస్తకంతో సహా ఆమె వెనకే తిరిగేవాడు. ఇప్పుడు ఎం.కాం. అయి, బ్యాంకు పరీక్షల కోచింగుకు వెళ్తూ వెళ్తూ, శివరాత్రి తర్వాత మానేశాడు. పరీక్ష పోయిన సిగ్గని ధనంజయ అన్నాడు. దిష్టి అని మునిలక్ష్మి అంది. రేవతి మాత్రం గ్యాసు సిలిండరు మార్చిన తేదీలు రాసుకునే క్యాలెండరు వెనక ఇవి కూడా రాస్తూ వచ్చింది. స్నానం మానిన రోజు. ఎదురింటివాళ్ళు తన గురించే మాట్లాడుకుంటున్నారని కిటికీకి పేపర్లు అంటించిన రోజు. ఎవరూ లేని గదిలో గొంతు తగ్గించి జవాబులు చెప్పిన రోజులు. వంటలో ఏదో కలుపుతున్నారని, తన చేత్తో వలుచుకున్న అరటిపండ్లు తప్ప మరేదీ ముట్టని వారం. తల్లి గడ్డం పట్టుకుని బతిమాలితే రెండు ముద్దలు పెరుగన్నం, అంతే.

వేలూరులో నర్సుగా ఉన్న స్టెల్లా, రేవతికి కాలేజీ స్నేహితురాలు. ఫోనులో ఈ తేదీలన్నీ ఓపిగ్గా విని, స్కిజోఫ్రీనియా కావచ్చని, డాక్టరు చూడనిదే ఏదీ తేల్చకూడదని, ఆలస్యం మాత్రం చెయ్యొద్దని చెప్పింది. అతనికి వినిపించేదాని మీద వాదించొద్దు, ఎగతాళి చెయ్యొద్దు, అబద్ధం అసలే ఆడొద్దు అంది. వేలూరు ఆసుపత్రికి తీసుకొస్తే నాలుగైదు రోజులు అక్కడే ఉండాల్సి రావచ్చంది. ఆ మాట దగ్గరే అంతా ఆగిపోయింది. మంగళవారం గంగజాతరకు చాటింపు వేసేశారు. ఇక జాతర ముగిసేదాకా తిరుపతి వాళ్ళు పొలిమేర దాటి బయట రాత్రి నిద్ర చెయ్యకూడదు. ఆ పట్టింపు మునిలక్ష్మికి ప్రాణం.

మధ్యాహ్నం పెరుగన్నం గిన్నె పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది. దీంట్లో కలిపినారు, నాకు తెలుసు అని గిరి తలుపు సందులోంచి నెట్టేశాడు. ఏమీ లేదు చూడు అని చూపించబోయి రేవతి అందులోంచి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నాలుక మీద చేదు. పళ్ళ కింద సన్నగా గరగర.

ఆమె వంటింట్లోకి వచ్చి అత్తగారి వైపు చూసింది. మునిలక్ష్మి కొంగు చివరి ముడిని గుప్పిట్లో దాచుకుంది.

"చంద్రగిరి అవతల ఒకాయన మందిచ్చినాడు. నలభై దినాలు తెలీకుండా పెట్టమన్నాడు. ఇంక తొమ్మిదే ఉండాయి." ముడిని ఇంకా బిగించి పట్టుకుంది. "కన్నదాన్ని, ఇసం పెడతానా మే?"

"వాడిది అనుమానమని మనమందరం చెప్పినాం అత్తా," అంది రేవతి. "ఈ ఒక్కటీ వాడు చెప్పిందే నిజం."

తలుపు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. కలిపింది అమ్మ, మందనుకుని. తనకు తెలియదు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. నెలల తర్వాత అతను ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు.

"అయితే వాళ్ళు చెప్పేదంతా నిజమేనా వదినా?"

అవునంటే ఒక గొయ్యి, కాదంటే ఇంకో గొయ్యి.

"అది నాకు వినపడదు గిరీ. నీకు వినపడతా ఉండాది. నిన్ను నిద్ర పోనీకుండా చేస్తా ఉండాది. దాన్ని తగ్గించేవాళ్ళ దగ్గరికి పోదాం."

"ఈ ఊర్లో వద్దు. ఈడ అందురూ వింటాండారు." గోరు కొరుక్కుంటూ అటూ ఇటూ నాలుగడుగులు వేశాడు. "వేలూరంటే వస్తా. రేపైతేనే."

భోజనానికి వచ్చిన ధనంజయ అంతా విని కలుపుకున్న ముద్ద అలాగే వదిలేశాడు. ఆరు రోజులే గదా, జాతర కానిమ్మన్నాడు. అమ్మ ఒప్పుకోదని మెల్లగా అన్నాడు. ఆరు రోజులకు వాడు ఈ మాట మీద ఉండడని, మళ్ళీ ఆ తలుపు తెరుచుకుంటుందో లేదోనని రేవతి అంది. లోపల గిరి అడుగుల చప్పుడు ఆగకుండా వినిపిస్తూనే ఉంది.

మునిలక్ష్మి అంతవరకూ తల ఎత్తలేదు. సొంత అక్క గూడూరులో పోయినప్పుడు కూడా, జాతర వారమని, కడసారి చూసి పొద్దు గూకేలోగా తిరిగొచ్చిన మనిషి. ఆమె కొంగు ముడి విప్పి, మందు పొట్లాన్ని తీసి కంచం పక్కన, అందరికీ కనబడేలా పెట్టింది.

"రేపు పొద్దున్నే వేలూరుకు పోతాండాము. నేనూ వస్తా. ఎన్ని రాత్రులు ఉండమంటే అన్ని రాత్రులూ ఉంటాము," అంది. కళ్ళు తుడుచుకోకుండానే పెద్దకొడుకు వైపు తిరిగింది. "గంగమ్మకు నేను చెప్పుకుంటాలేరా. ఆ డాక్టరుకు కూడా, వాడికేమి పెట్టినానో, నా నోటితో నేనే చెప్తా."