మైనస్ మూడు

ఆ అమ్మాయిని మొదటిసారి చూసినప్పుడు ఆమె చేతిలో మాడిపోయిన టమాటా నారు ట్రే ఉంది. దాన్ని తెచ్చి నా టేబుల్ మీద, సరిగ్గా నేను రాస్తున్న వాతావరణ సూచన మీదే పెట్టింది.

"కనిష్ఠం నాలుగు డిగ్రీలని రాసింది మీరేనా?"

"నేనేనండి. నాలుగే నమోదైంది."

"మరి మా నర్సరీలో మంచు గడ్డకట్టి మూడొందల మొక్కలు ఎలా పోయాయి?"

మా థర్మామీటర్ మనిషి ఎత్తున పెట్టెలో ఉంటుందనీ, నేల దగ్గర చలి ఇంకా ఎక్కువనీ ఓపిగ్గా వివరించాను.

"మొక్కలు కింద ఉంటాయి సార్. మీరు కొలిచేది పైన. ఇక ఎవరికోసం ఈ రాతలు?"

ఆ మాట నిజమేనని ఒప్పుకున్నాను. కళ్ళు మాత్రం ఆమె మీంచి తిప్పుకోలేకపోయాను, అది వేరే సంగతి.

మర్నాడే వెళ్ళి కొండమీది వాళ్ళ నర్సరీలో నేలమీద ఒక థర్మామీటర్ పెట్టి వచ్చాను. రోజూ పొద్దున ఆరింటికి ఆమె రీడింగ్ ఫోన్లో చెప్పాలి. మా లెక్కకీ దానికీ తేడా ఐదు డిగ్రీలు దాటితే నేను స్వయంగా వెళ్ళి పరికరం చూడాలి. అది మా ఆఫీసు రూలు, ఆమెకీ చెప్పాను.

అప్పట్నుంచి నా రోజు ఆ ఫోనుతోనే మొదలయ్యేది.

"ఒకటి పాయింట్ ఎనిమిది. గాలంతా పొగ వాసన."

"ఉత్తరాన అడవులు తగలబడుతున్నాయండి. ఇంకో రెండ్రోజులు ఇంతే. మీ దగ్గు తగ్గిందా?"

"అది ఏ కాలమ్‌లో రాసుకుంటారు?"

"రాసుకోను. గుర్తుపెట్టుకుంటాను."

ఆమె టక్కున ఫోన్ పెట్టేసింది.

అలా నెల గడిచింది. ఒక గురువారం చెప్పాను, సోమవారం నుంచి నన్ను తీరంలోని తుఫాను కేంద్రానికి మారుస్తున్నారని, ఇక ఫోన్ ఇంకొకాయన తీస్తారని.

"మంచిది" అంది.

ఆ ఒక్క మాటకి నాకు రెండు రోజులు తిండి సహించలేదు.

శనివారం పొద్దున ఫోన్ మోగింది. "మైనస్ మూడు."

మా దగ్గర నాలుగుంది. తూర్పు గాలికి పొగ చెదిరి ఆకాశం తేటపడితే అంత చలీ సాధ్యమే అనుకున్నాను. దేశమంతటికీ వెళ్ళే రెండ్రోజుల సూచన రాసేశాను: తూర్పున ఉరుములతో గాలివాన, ఉత్తరాన పొగ, కొండ ప్రాంతాల్లో నేలమీద గడ్డకట్టే మంచు, పైర్లు కప్పి ఉంచండి. రేడియో దాన్ని గంటగంటకీ చదివింది.

ఆదివారం తెల్లారేసరికి కొండ ప్రాంతమంతా దుప్పట్ల కింద ఉంది. మంచు జాడే లేదు.

మా ఆఫీసు పెద్దసారు నన్ను గదిలోకి పిలిచారు. "ఎవరి రీడింగ్ ఇది? వెళ్ళి చూశావా?"

"చూడలేదు సార్. తప్పు నాదే." ఆమె సంగతి ఎత్తలేదు.

ఆయన మెమో రాయడం మొదలుపెట్టారు. అంతలో తలుపు తోసుకుని ఆమె వచ్చింది, వెనకాలే వాళ్ళ నాన్న.

"ఆయన్నేమీ అనకండి సార్. అబద్ధం చెప్పింది నేను. ఒక డిగ్రీ ఉంటే మైనస్ మూడన్నాను."

"ఎందుకమ్మా?"

ఆమె తల దించుకుంది. "తేడా వస్తే ఈయన రావాలి కదా. వెళ్ళిపోయేలోగా ఈయనంటే ఇష్టమని ఎదురుగా చెబుదామనుకున్నాను. నిన్నంతా గేటు దగ్గరే నిలబడ్డాను. ఈయన నా దగ్గరికి రాకుండా దేశమంతటికీ చెప్పేశారు."

పెద్దసారు నావైపు తిరిగారు. "రూలుంది కదా. ఎందుకు వెళ్ళలేదు?"

"ఆవిడ చెప్పాక మళ్ళీ సరిచూడాలనిపించలేదు సార్. నాకూ ఆవిడంటే ప్రాణం."

ఇంట్లో దుప్పట్లన్నీ మొక్కలకి కప్పేసి రెండు స్వెట్టర్లు తొడుక్కుని వచ్చిన వాళ్ళ నాన్న, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సార్, ఈ అబ్బాయి తరపు పెద్దలెవరు?"

"ముందు వీడు రేడియోకి సవరణ పంపాలి" అన్నారు పెద్దసారు. తర్వాత రాస్తున్న మెమో చింపి, "ప్రస్తుతానికి నేనే అనుకోండి. చెప్పండి" అన్నారు.