అన్‌లిమిటెడ్ కాల్స్

ఏడు కొట్టగానే నానమ్మ ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి, కుర్చీ లాక్కుని కూర్చుంది. తెరమీద ఆవిడ చెల్లెలు. అక్కాచెల్లెళ్లిద్దరికీ పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. కబుర్లన్నీ చేతులతోనే. పొరుగింటి సంగతుల దగ్గర్నుంచి మోకాళ్ల నొప్పులదాకా ఏదీ వదిలేవారు కాదు. చప్పుడు లేదన్నమాటే గానీ, ఆ అరగంటా వంటింట్లో సందడే సందడి.

షర్టు గుండీలు పెట్టుకుంటూ కొడుకు అటు తొంగి చూశాడు. ఫోన్ కంపెనీ కౌంటర్లో పదిహేనేళ్లుగా ప్లాన్లు అమ్ముతున్న మనిషి. నెలాఖరు రోజుల్లో బొమ్మ ఇంత స్పష్టంగా ఉండటమేమిటి? తెర పైమూలన చిన్న తాళంచెవి గుర్తు కనిపించింది.

"నానమ్మ ఫోన్లో వీపీఎన్ ఎవరు పెట్టారు?"

"నేనే" అంది కూతురు, నోట్లో బ్రష్‌తోనే. "సగం నెల అయ్యేసరికి మీవాళ్లు వీడియోలకి స్పీడు తగ్గించేస్తున్నారు. ఇదుంటే అది వీడియో అని వాళ్లకి తెలీదు."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! స్టాఫ్ కోటాలో నా పేరుమీదున్న సిమ్మది. ఇలాంటివి పెట్టి రూలు తప్పినవాళ్ల కనెక్షన్లు ఆపేది నేనే. రేపు మా మేనేజరు ఈ నంబరే నా ముందు పెడితే మొహం ఎక్కడ పెట్టుకోను? ఉద్యోగం ఉంటుందా? తియ్యి ముందు!"

కూతురు మూతి ముడుచుకుని తీసేసింది. అంతే, బొమ్మ మసకబారింది. చెల్లెలి చేతులు గాల్లోనే బిగుసుకుపోయాయి. నానమ్మ తెరమీద వేలితో తట్టింది. కళ్లు చికిలించి ముందుకు వంగి, మళ్లీ చెప్పమన్నట్టు చెయ్యి తిప్పింది. మళ్లీ తిప్పింది.

అతనికి చూడబుద్ధి కాలేదు. "కాల్స్ అన్‌లిమిటెడేగా. దానికేం లోటు లేదు. మంచి ప్లానే వేయించాను" అన్నాడు, కౌంటర్లో అలవాటైన మాట.

"నాన్నా" అంది కూతురు మెల్లగా. "నానమ్మ ఎప్పుడైనా ఫోన్ చెవి దగ్గర పెట్టుకోగా చూశావా?"

అతను అమ్మ చేతులకేసి చూశాడు. తను మొదట నేర్చిన భాష ఆ చేతులదే. బడిలో తోటిపిల్లలు వెక్కిరించారని మానేశాడు. తర్వాత తీరిక లేదన్నాడు. ఇప్పుడు అమ్మకి కంచం చూపిస్తాడు, మందులు చూపిస్తాడు, వెళ్లిపోతాడు. సిగ్గుతో కళ్లు చెమ్మగిల్లాయి.

పిన్నీసు అడిగి తీసుకుని, తన ఫోన్లోంచీ అమ్మ ఫోన్లోంచీ సిమ్ములు బయటికి లాగాడు.

"ఏం చేస్తున్నావ్?"

"నా ప్లాన్‌లో వీడియోకి హద్దు లేదు. రెండూ నా పేరుమీదివే, మార్చుకుంటే ఏ రూలూ అడ్డు రాదు. నాకిది చాలు. నేను నోటితో వాగేవాణ్ణేగా."

సిమ్ములు మార్చి కాల్ మళ్లీ కలిపేసరికి బొమ్మ తేటపడింది. వెనక నిలబడ్డది ఎవరని అడిగింది చెల్లెలు. నానమ్మ తిరిగి చూసి, చూపుడువేలితో బుగ్గమీద సొట్ట పెట్టింది. చిన్నప్పుడు అమ్మ అతనికి చేతుల భాషలో పెట్టుకున్న పేరది. అది చూసి ఎన్నేళ్లయిందో.

అతను అమ్మ పక్కన కూర్చుని, చేతులతో తప్పయిందని చెప్పబోయాడు. వేళ్లు తడబడ్డాయి. అమ్మ ఫక్కున నవ్వి, ఆ వేళ్లు పట్టుకుని ఒక్కొక్కటే సరిచేసింది.

కౌంటరుకి బయల్దేరే వేళ దాటిపోయింది. అతను లేవలేదు.