కరెంటు తీసేస్తామన్న మెయిల్

ఆ రోజు తెల్లవారినా ఆకాశం తేటపడలేదు. మబ్బులు ఇళ్ళ కప్పుల మీదికి దిగి, వాన కురవకుండా, ఎండ రానివ్వకుండా నిలిచిపోయాయి. వెనక గదిలో గుడ్లు పొదిగే మిషను సన్నగా రొద పెడుతోంది. రేపో ఎల్లుండో పెంకులు పగలాలి. కోడలు ట్రేలన్నీ చూసి, చప్పుడు కాకుండా తలుపు మూసింది. పోయిన చలికాలం కరెంటు పోయి, పెంకుల్లోనే చచ్చిన పిల్లల్ని పెరట్లో పూడ్చిన సంగతి ఆమె మరచిపోలేదు.

కోడిపిల్లల ఆర్డర్లు వచ్చే మెయిల్ చూసేది ఆమే. భర్త బండి మీద సరుకు వేసుకుని పొద్దున్నే వెళ్ళాడు. పొయ్యి దగ్గర నిలబడి ఫోన్ తెరిచింది. అన్నిటికన్నా పైన కరెంటు ఆఫీసు పేరుతో ఒక మెయిల్ ఉంది. ‘ప్రియమైన వినియోగదారునికి, మీ బిల్లు బకాయి ఉంది. మధ్యాహ్నంలోగా కట్టకపోతే కరెంటు నిలిపివేస్తాము.’ కింద ఎర్ర బటన్.

భర్తకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది.

“ఎవరికే, పొద్దున్నే అన్నిసార్లు?” ముందుగదిలోంచి అత్త అడిగింది.

“ఏం లేదత్తయ్యా. ఆర్డరు గురించి.”

బటన్ నొక్కింది. కార్డు నంబరు అడిగితే కొట్టింది. ఓటీపీ అడిగితే అదీ కొట్టింది. ఊపిరి పీల్చుకునేలోపే బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. ఖాతా ఊడ్చుకుపోయింది.

భర్త వచ్చేసరికి గుమ్మంలోనే నిలబడి ఉంది. అతను హెల్మెట్ తీయకముందే చెప్పేసింది. అతను ముందు బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు ఆపించాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

“బిల్లు పోయిన వారమే కట్టాను. కాసేపు ఆగలేకపోయావా?”

“ఫోన్ చేశానండీ.”

“బండి మీదున్నా! ఇదిగో, కళ్ళు పెట్టి చూడు. మన పేరుందా? మీటరు నంబరుందా? పంపినవాడి అడ్రస్ చూడు, కరెంటు ఆఫీసుదేనా ఇది? దొంగ వెధవ రాసింది. పాత బిల్లు మీద ఆఫీసు నంబరుంది కదా, దానికి చేసి అడిగితే చెప్పేవాళ్ళు.”

“కరెంటు తీసేస్తారన్న మాట ఒక్కటే కనబడింది.”

అత్త అందుకుంది. “ఉప్పు కొనాలన్నా నలుగుర్ని అడిగే మనిషి! నేనిక్కడ గోడలా కూర్చునే ఉన్నాను. ఒక్క మాట అడిగితే నీ నోరు అరిగిపోయేదా?”

“ఇకనుంచి మెయిల్ నువ్వు చూడక్కర్లేదు. ఫోన్ ఇలా ఇయ్యి,” అని అతను చెయ్యి చాపాడు.

ఆమె ఇవ్వలేదు.

“చలికాలంలో కరెంటు ఎందుకు పోయిందో అత్తయ్యకి చెప్పండి.”

అతని మొహం పాలిపోయింది.

“లైను తెగిందన్నావు కదరా?” అంది అత్త.

“బిల్లు కట్టడం మర్చిపోయానమ్మా.” భార్య వైపు చూశాడు. “నీకెలా తెలుసు?”

“మళ్ళీ కలపడానికొచ్చిన లైన్‌మన్ చెప్పాడు.”

“ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదేం?”

“గుంట తవ్వుతుంటే మీ మొహం చూశాను. ఇంకేమంటాను? ఇవాళా మర్చిపోయారేమో అనుకున్నాను. అత్తయ్యకి తెలిసేలోపు కట్టేస్తే, మీ మాట పోకుండా ఉంటుందనుకున్నాను.” అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు వచ్చేసింది.

అతను చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“మెయిల్ నువ్వే చూడు,” అన్నాడు. “నేను ఎత్తకపోతే ఆఫీసుకి చెయ్యి. అమ్మనడుగు. నా పరువు కోసం ఏదీ దాచకు.”

ఇద్దరూ పోలీసుస్టేషన్‌కి వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చారు. పోయింది వస్తుందని అక్కడ ఎవరూ గట్టిగా చెప్పలేదు.

తిరిగొచ్చేసరికి అత్త ముగ్గురికీ పళ్ళేలు పెట్టి కూర్చుంది. ముందు కోడలికి వడ్డించింది. తర్వాత తను పెట్టుకుంది. కొడుకు పళ్ళెం ఖాళీగానే వదిలి గరిటె పక్కన పెట్టింది.

కోడలు లేచి అతనికి వడ్డించింది. అత్త వద్దనలేదు. అతను తలెత్తలేదు.